వివియన్ థామసు చరిత్రము — శస్త్రకర్మకర్తృత్వ విచారము

వైయాకరణులు క్రియకుఁ గర్తను నిర్ణయించునపుడు స్వతంత్రుఁ డెవఁడో వానినే కర్త యందురు. వానిచేఁ బనిచేయించువానికిఁ బ్రయోజకుఁడని వేఱుపేరు పెట్టిరి. పనికి మిక్కిలి యుపకరించు సాధనమును గరణ మనిరి. గొడ్డలి చెట్టును నఱకినదని లోకమున నందురు గాని గొడ్డలి స్వతంత్రము గాదని యెల్లవారు నెఱుఁగుదురు. శబ్దశాస్త్రమున నింత స్పష్టమైన యీ భేదము చరిత్రరచనయందుఁ బలుమాఱు తాఱుమా ఱగుచుండును. అమెరికాదేశమున బాల్టిమోరు నగరమునందు 1944వ సంవత్సరము నవంబరు 29వ తేదీని జరిగిన యొక హృద్రోగచికిత్స దీనికిఁ దగిన యుదాహరణము. అది బ్లేలాకు–టాసిగ్ శస్త్రకర్మమని ప్రసిద్ధి కెక్కెను. దానిని జంతువులయందు ముందుగా సాధించి, పరికరములను సమకూర్చి, ఆనాఁడు శస్త్రము పట్టినవాని వెనుక నిలిచి మార్గముఁ జూపిన వివియన్ థామసు పేరు మాత్ర మందుఁ జిరకాలము కానరాలేదు.

థామసు 1910వ సంవత్సరమున లూయిసియానా రాష్ట్రమునఁ బుట్టి, టెనెసీ రాష్ట్రమందలి నాష్‌విల్ నగరమునఁ బెరిగెను. నల్లజాతివాఁడు. తండ్రి వడ్రంగి యగుటచే బాల్యముననే ఉలి పట్టుట నేర్చెను. ఆ హస్తకౌశలమే పిమ్మట సూక్ష్మనాళములఁ గుట్టుటకుఁ బనికివచ్చినదనుట యతిశయోక్తి గాదు. వైద్యవిద్య నభ్యసింపఁ గోరి సొమ్ము కూడఁబెట్టుకొనుచుండఁగా 1929వ సంవత్సరమున నా దేశపు వాణిజ్యము కూలి పని పోయెను. పిమ్మట సొమ్ము దాఁచుకొనిన బ్యాంకును మూఁతపడెను. 1930 ఫిబ్రవరిలో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున ఆల్‌ఫ్రెడ్ బ్లేలాకు అను శస్త్రవైద్యుని పరిశోధనశాలలోఁ గుదిరెను. కొన్నాళ్లు పనిచేసి మరల విద్యాలయమునకుఁ బోవలయునని యాతని తలంపు. అది సాగలేదు.

కొలఁదికాలములోనే జంతువులకు మత్తుమం దిచ్చుట, నాళములఁ గోసి కుట్టుట, రసాయనపరీక్షలు చేసి ఫలితములను వ్రాసి యుంచుట యాతనికిఁ గరతలామలక మయ్యెను. ఒకనాఁడు పనిలో నేదో పొరపాటు జరుగఁగా బ్లేలాకు దుర్భాషలాడెను. అట్టి మాటలు పడుచుఁ బనిచేయఁజాలనని థామసు తిన్నగాఁ జెప్పెను. బ్లేలాకు క్షమాపణముఁ గోరెను, మరల నట్లాడలేదు. ఇరువురకు నడుమ ముప్పదినాలుగేండ్లు నిలిచిన మైత్రి కిది పునాది. అయినను జీతపుపట్టికలలో నాతఁ డూడ్చి తుడుచువారి వర్గముననే చేర్పఁబడి యుండెను. దెబ్బతగిలినవారు సొమ్మసిల్లి మరణించుటకుఁ గారణము రక్తద్రవనష్టమేకాని విషపదార్థము గాదని బ్లేలాకు స్థాపించిన సిద్ధాంతము రెండవ ప్రపంచయుద్ధమున ననేకుల ప్రాణములఁ గాపాడెను. ఆ సిద్ధాంతమునకు మూలమైన ప్రయోగములలోఁ బెక్కింటిని జేసినవాఁడు థామసే. 1938వ సంవత్సరమున నిరువురును గుక్కలయందు భుజమునకుఁ బోవు ధమనిని ఊపిరితిత్తుల ధమనితోఁ గలిపి కుట్టిరి. దానిచే ఊపిరితిత్తులయందు రక్తపుటొత్తిడి పెరుగునని వారి యూహ. అది పెరుగలేదు. ప్రయోగము వ్యర్థమైనదని విడిచిరి.

1941వ సంవత్సరమున జాన్స్ హాప్‌కిన్స్ విద్యాలయము బ్లేలాకును శస్త్రచికిత్సాశాఖకు ముఖ్యునిగాఁ బిలిచెను. థామసును వెంటఁ గొనివచ్చుట కాతఁడు పట్టుపట్టెను. వర్ణభేదము కఠినముగాఁ బాటింపఁబడుచున్న యా యాస్పత్రిలోఁ దెల్లని యంగరకా ధరించిన నల్లజాతివాఁడు నడచిపోవుచుండఁగా జనులు నిలిచి చూచిరఁట.

అచ్చట శిశుహృద్రోగశాఖకు ముఖ్యురాలు హెలెన్ టాసిగ్. ఆమె దృష్టి నీలశిశువులపై నిలిచి యుండెను. ఫాలో అను ఫ్రెంచి వైద్యుఁడు 1888వ సంవత్సరమున వర్ణించిన వ్యాధి గలిగి పుట్టిన శిశువునకు హృదయము యొక్క కుడిజఠరమునుండి ఊపిరితిత్తులకు రక్తము పోవుమార్గము సంకుచితమై యుండును. రెండు జఠరముల నడిమిగోడకు రంధ్ర ముండును. ఊపిరితిత్తులఁ జేరి ప్రాణవాయువును గ్రహింపవలసిన రక్తములోఁ గొంత యా రంధ్రమార్గమునఁ దిన్నగా శరీరమునఁ బ్రవహించుటచేఁ బెదవులును గోళ్లును నీలవర్ణములగును. గర్భస్థశిశువునకు సహజమైన యొక చిన్నకాలువ పుట్టిన పిదప మూసికొనిపోవుట ప్రకృతిధర్మము. ఈ రోగముగల శిశువులలో నా కాలువ తెఱచియున్నంతవఱకుఁ గొంత మేలుగా నుండుటయు, మూసికొనఁగనే రోగము ముదురుటయు టాసిగ్ కనిపెట్టెను. అట్టి కాలువను గృత్రిమముగా నిర్మింపరాదా యని యామె ప్రశ్న. బోస్టను నగరమున రాబర్టు గ్రాసు 1938వ సంవత్సరమున నట్టి కాలువను మూసి ఖ్యాతి నొందినవాఁడు. ఆమె మొదట నాతని నడుగఁగా నాతఁ డొల్లఁ డయ్యెను. 1943వ సంవత్సరమున బ్లేలాకు నడిగెను. ఆమెకుఁ గావలసిన కుట్టు నాష్‌విల్‌లో వ్యర్థమని విడిచిన కుట్టే!

కాని యారోగ్యముగల కుక్కకుఁ జేసిన కుట్టు రోగముగల శిశువున కుపకరించునని చెప్పుటెట్లు? ముందు కుక్కకు నీలరోగమును గలిగింపవలయును. పిదప దానిని మాన్పవలయును. ఈ రెండు పనులను బ్లేలాకు థామసున కప్పగించెను. రమారమి 200 కుక్కలయందుఁ బ్రయోగములు జరిగెను. శిశునాళములకుఁ దగిన సూదు లప్పుడు లేవు. ఉన్న సూదులను బొట్టిగాఁ గోసి పదును పెట్టి సిద్ధపఱచినవాఁడు థామసే. ఈ పరీక్షలకు నిలిచి చిరకాలము బ్రదికిన కుక్క పేరు ఆనా. దాని చిత్రపటమును దరువాత నా విద్యాలయమున నుంచిరి. అప్పటికి థామసు పటము లేదు.

శస్త్రకర్మదినమున నెదుట నున్నది పదునైదునెలల బాలిక. బరువు సుమారు 9 పౌనులు. బ్లేలాకు కుక్కయందుఁ గూడ నీ కుట్టును స్వయముగా నొక్కసారి మాత్రమే చేసి యుండెను, అదియు థామసు తోడ్పాటుతో. అందుచే థామసును బిలిపించి తన కుడిభుజము వెనుక నొక పీఁటపై నిలువఁబెట్టుకొనెను. నాళమును గోసిన పొడవు చాలునా, సూది యీ దిక్కుననే పోవలయునా యని యడుగుచు, ఆతని మాటనుబట్టి కుట్టు సాగించెను. శిశువు బ్రదికెను. కొన్నినెలలకు మరల నీలత్వము రాఁగా రెండవమాఱు శస్త్రకర్మము చేసిరి గాని యామె దక్కలేదు. మూఁడవరోగి యాఱేండ్ల బాలుఁడు; బంధించిన నాళములను విడువఁగనే యాతని పెదవుల నీలిమ పోయి యెఱ్ఱఁదనము వచ్చెను. 1945 మే నెలలో అమెరికా వైద్యసంఘపత్రికయందు మువ్వురు రోగుల వృత్తాంతము ప్రకటింపఁబడెను. వ్రాసినవారు బ్లేలాకు, టాసిగ్. అందు థామసు పేరు లేదు.

బ్లేలాకు కృతఘ్నుఁ డనుట న్యాయము గాదు. శిశువు శస్త్రపుబల్లపై మరణించి యున్నచో నింద యాతనిదే. ఆ సాహసము చిన్నది గాదు. థామసు జీతము పెంచుటకై యధికారులతో వాదించినవాఁడును నాతఁడే. అయినను ఆతని యింటివిందులలో థామసు పానీయములు వడ్డించి కూలి గ్రహించెడివాఁడు. పగలు తాను శిక్షణ మిచ్చిన యువవైద్యు లా రాత్రి యతిథులు! టాసిగ్‌ను బ్రయోజకురాలనియు బ్లేలాకును గర్త యనియు నొప్పుకొన్నను, థామసును సూదివలెఁ గరణముగా నెంచుట పొసఁగదు. ఎట్లు గోయవలయునో, ఎట్లు కుట్టవలయునో నిర్ణయించినది యాతని బుద్ధి. ఒకనిచేఁ బ్రేరితుఁడై పనిచేసినంతమాత్రమునఁ గర్తృత్వము పోదని శాస్త్రకారుల మతము. హృదయమున కర్ణికల నడిమిగోడను దొలఁచు మఱియొక శస్త్రకర్మమునకును థామసే ప్రయోగశాలలో మార్గము వేసెను. 1950వ సంవత్సరమున నదియు బ్లేలాకు–హన్‌లన్ నామమున వెలువడెను.

థామసు వైద్యపట్టముకొఱకు మరలఁ బ్రయత్నింపకపోలేదు. ఒక కళాశాలలోఁ జేరఁబోఁగా నాతని యనుభవమును లెక్కింపక తొలితరగతినుండి చదువవలసినదనిరి. అప్పటికి ముప్పదియైదేండ్లు దాఁటిన గృహస్థు. హాప్‌కిన్స్ వైద్యకళాశాలలో నల్లజాతి విద్యార్థులు మొదటిసారి ప్రవేశించినది 1963వ సంవత్సరమున. మఱుసటి యేఁడు బ్లేలాకు మరణించెను. థామసు ప్రయోగశాలలోనే నిలిచి డెంటన్ కూలీ మొదలైన యువశస్త్రవైద్యులకు నేర్పరితన మలవఱచెను. వారిలోఁ బలువురు దేశదేశముల హృదయశస్త్రచికిత్సకుఁ బెద్దలైరి. 1971వ సంవత్సరమున వారే సొమ్ము వేసికొని యాతని చిత్రపటమును వ్రాయించి విద్యాలయమునకు సమర్పించిరి. 1976వ సంవత్సరమున విద్యాలయ మాతనికి గౌరవపట్టము నిచ్చి శస్త్రశాఖయం దుపాధ్యాయునిగా నియమించెను. పట్టము న్యాయశాస్త్రమునందు, వైద్యమునందుఁ గాదు. 1979వ సంవత్సరమునఁ బని విరమించి స్వీయచరిత్రమును వ్రాసెను. 1985 నవంబరు 26వ తేదీని మరణింపఁగాఁ గొన్నిదినములకే యా గ్రంథము వెలువడెను. ఇటీవలి వైద్యగ్రంథములలోఁ బలువురు బ్లేలాకు–థామసు–టాసిగ్ అని మూఁడు నామములను వ్రాయుచున్నారు. కొన్నింటఁ దొంటి రెండుపేర్లే యున్నవి.