మైలేజీ కోసం కారు మార్పులు

హైవేపై నిలకడైన వేగంతో వెళ్లేటప్పుడు ఇంధనం ఆదా అయ్యేలా యజమానులు సొంతంగా చేసుకునే సవరణలు. సూళ్లూరుపేట, నాయుడుపేటల నడుమ దొరవారిసత్రం ప్రాంతంలో 16వ జాతీయ రహదారి (2010 వరకు 5వ నంబరు) వంటి చదునైన దారిలో ఇంజిన్‌ శక్తి ఎక్కువగా గాలిని తోయడానికే ఖర్చవుతుంది. గాలి నిరోధం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గంటకు 80 కి.మీ. నుంచి 100కు చేరితే 56 శాతం అధికమవుతుంది. అందుకే టాప్‌పై క్యారియర్‌ తీసేస్తారు, ముందు గ్రిల్‌ను కొంతమేర రేకుతో మూస్తారు, చక్రాలకు చదునైన మూతలు బిగిస్తారు. క్యారియర్‌ తొలగింపే వీటిలో ఖర్చులేని, నమ్మదగిన మార్గం. గ్రిల్‌ మూస్తే, ముఖ్యంగా కోస్తా వేసవిలో, ఇంజిన్‌ వేడెక్కవచ్చు. యాక్సిలరేటర్‌ను ఒకేచోట నిలిపే చేతి మీట మరీ అపాయకరం: బ్రేకు తొక్కినా అది దానంతటది వదలదు. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్‌ తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తోంది. 2019 సవరణ ప్రకారం అనధికార మార్పు ఒక్కోదానికి రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.