పొటాషియం మార్గాల చరిత్రలో ఏటీపీ: ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనతో సంబంధం

1. ఉపోద్ఘాతం

కృష్ణాడెల్టాలో ఉయ్యూరు అనగానే చెరకు తోటలు, కె.సి.పి. చక్కెర కర్మాగారం స్ఫురిస్తాయి. చక్కెర ఆహారంగా దేహంలో చేరి గ్లూకోజుగా మారాక, ఒక కీలకమైన ఘట్టం క్లోమగ్రంథిలోని బీటా కణాల త్వచంలో జరుగుతుంది. అక్కడ పొటాషియం అయాన్లు వెలుపలికి పోయే సన్నని మార్గాలు మూసుకున్నప్పుడు ఇన్సులిన్ వెలువడుతుంది. వాటిని మూసే అణువు ఏటీపీ. ఆ అణువును తొలిసారి వేరుచేసినవారిలో తెలుగువారైన ఎల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) ఒకరు. అయితే ఆయన పొటాషియం మార్గాలపై పరిశోధించలేదు. ఈ రెండింటి సంబంధం ఎంతవరకు వాస్తవమో, ఎక్కడ ఆగుతుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. పొటాషియం మార్గం: ఊహ నుంచి రూపం వరకు

కణం లోపల పొటాషియం గాఢత వెలుపలికంటే దాదాపు 30 రెట్లు ఎక్కువ. విశ్రాంతిలో ఉన్న కణత్వచం ప్రధానంగా పొటాషియాన్నే పోనిస్తుందని, కణానికి గల విద్యుత్ విభవానికి అదే మూలమని 1902లో జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ బెర్న్‌స్టీన్ ప్రతిపాదించారు. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువులో సోడియం, పొటాషియం ప్రవాహాలను వేరుపరచి గణితసూత్రాలలో వివరించారు. పొటాషియం అయాన్లు ఇరుకైన దారిలో ఒకదాని వెనుక ఒకటిగా సాగుతాయని 1955లో హాడ్జ్‌కిన్, కీన్స్ సూచించారు. 1976లో నేహర్, సాక్‌మన్ ఒకే ఒక్క అయాను మార్గం గుండా పోయే విద్యుత్తును నమోదు చేశారు. 1998లో రోడరిక్ మెకినన్ బృందం ఒక బాక్టీరియాలోని పొటాషియం మార్గపు నిర్మాణాన్ని ఎక్స్-కిరణాల సాయంతో వెల్లడించింది.

ఈ నిర్మాణం ఒక పాత చిక్కును విప్పింది. సోడియం అయాను పొటాషియం అయాను కంటే చిన్నది. అయినా ఈ మార్గం దాన్ని దాదాపుగా పోనివ్వదు. నీటిలో ప్రతి అయాను చుట్టూ నీటి అణువులు చేరి ఉంటాయి. మార్గంలోని ఇరుకుచోట పొటాషియం ఆ నీటిని విడిచినప్పుడు, ప్రోటీన్‌లోని ఆక్సిజన్ పరమాణువులు తగిన దూరంలో నిలిచి నీటి లోటును తీరుస్తాయి. చిన్నదైన సోడియానికి ఆ ఏర్పాటు సరిపోదు. ఇంత కట్టుదిట్టం ఉన్నా సెకనుకు దాదాపు 10 కోట్ల పొటాషియం అయాన్లు ఈ దారిని దాటగలవు.

3. సుబ్బారావు కృషి: భాస్వరం కొలత

భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. ద్రావణపు రంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారు 1925లో ప్రకటించారు. ఆ కొలతే కండరంలోని భాస్వర సమ్మేళనాల వైపు దారితీసింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వారు వెల్లడించారు. 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నారు. కనుక ఏటీపీని సుబ్బారావు ఒక్కరే కనుగొన్నారనడం చరిత్రకు సరిపడదు.

4. ఏటీపీ, పొటాషియం కలిసిన చోటు

ఏటీపీకి పొటాషియంతో గల సంబంధం రెండు విధాలుగా తేలింది. మొదటిది, గాఢతలోని తేడాను నిలపడం. ఏటీపీ శక్తితో మూడు సోడియం అయాన్లను బయటికి పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే ఎంజైమును 1957లో యెన్స్ స్కౌ పీత నాడులలో గుర్తించారు. రెండవది, మార్గాన్ని మూయడం. ఏటీపీ తగిలితే మూసుకునే పొటాషియం మార్గాలను 1983లో అకినోరి నోమా హృదయకండర కణాలలో కనుగొన్నారు. మరుసటి ఏడాది కుక్, హేల్స్ వాటిని బీటా కణాలలో చూపారు. గ్లూకోజు వల్ల ఏటీపీ పెరుగుతుంది, మార్గాలు మూసుకుంటాయి, త్వచ విభవం మారి కాల్షియం లోపలికి వస్తుంది, ఇన్సులిన్ వెలువడుతుంది.

దీనితో మధుమేహానికి అప్పటికే దశాబ్దాలుగా వాడుకలో ఉన్న సల్ఫొనైల్‌యూరియా మాత్రలు పనిచేసే తీరు కూడా బోధపడింది. అవి ఇవే మార్గాలను మూస్తాయి. పుట్టిన కొద్ది నెలలకే శిశువులకు వచ్చే ఒక రకం మధుమేహానికి ఈ మార్గపు జన్యువులోని లోపం కారణమని 2004లో తేలింది. ఆ తరువాత అలాంటి శిశువులలో అనేకులకు ఇన్సులిన్ సూదులకు బదులు ఈ మాత్రలు ఇవ్వడం సాధ్యమైంది.

5. ముగింపు

పొటాషియం మార్గం సుబ్బారావు ఆవిష్కరణ కాదు. ఆయన మరణించేనాటికి ఆ మార్గాన్ని ప్రత్యక్షంగా నమోదు చేసినవారే లేరు. అయినా ఆ చరిత్రలో రెండుచోట్ల నిలిచే అణువు ఆయన, ఫిస్కే, లోమన్‌ల కృషివల్ల వెలుగులోకి వచ్చింది. సుబ్బారావు జీవితాన్ని తెలుగులో రాసేటప్పుడు, బోధించేటప్పుడు సహపరిశోధకుల పేర్లను తొలగించి ఆయన కీర్తిని పెంచనక్కరలేదు. 1925 నాటి కొలత పద్ధతి నుంచి మొదలుపెడితే, ఆయన చేసిన పని ఏదో, దాని ఫలితం శిశువుల చికిత్స వరకు ఎలా వచ్చిందో విద్యార్థికి స్పష్టమవుతుంది.