రంప కొండ, జీలుగు కల్లు, 1879

రంపచోడవరం అనగానే చాలామందికి మారేడుమిల్లి ఘాటు రోడ్డు, జలపాతాలు గుర్తొస్తాయి. ఆ పట్టణానికి పేరులో సగం ఇచ్చిన రంప గ్రామం దగ్గరలోనే ఉన్నా, అక్కడ ఆగేవారు తక్కువ. ఆగినవారు కూడా పాత రాతి శివాలయం చూసుకుని వెళ్ళిపోతారు. కొండ ఎక్కేది పశువులు కాసేవాళ్ళు, కట్టెలకు పోయేవాళ్ళు, మాలాంటి ఒకరిద్దరు.

ఎక్కుతుంటే దారి పక్కన జీలుగు చెట్లు కనబడతాయి. గెల కోసి, కింద కుండ కట్టి ఉంటుంది. మా దృష్టిలో రంప చరిత్రకు అంతకన్నా మంచి గుర్తు లేదు. ఎండాకాలంలో గింజలు అడుగంటినప్పుడు కొండరెడ్డి, కోయ ఇళ్ళలో కడుపు నింపింది ఆ కల్లే. పెళ్ళికి, చావుకు, కొలుపుకు, పంచాయితీకి అది ఉండాల్సిందే. అలాంటి కల్లుని ఇంటి అవసరానికి గీసుకోవడం కూడా తప్పని ఆంగ్ల ప్రభుత్వం కట్టడి చేసి, హక్కును మైదానపు కాంట్రాక్టర్లకు అప్పజెప్పింది. దానిమీద రంప మన్సబుదారు చిగురుపన్ను అడిగాడు. సొంత చెట్టు ఎక్కడానికి ఇద్దరికి డబ్బు కట్టాలన్నమాట.

కల్లు ఒక్కటే కారణం కాదు. మన్సబుదారు ముఠాదార్ల హక్కులు లాక్కున్నాడు. వ్యాపారులు మైదానంలోని కోర్టుల్లో దావాలు వేసేవారు. కొండమీది మనిషి అంత దూరం వెళ్ళలేకపోతే ఏకపక్షంగా డిక్రీ వచ్చేది, దాంతో పశువుల్ని తోలుకుపోయేవారు. పోలీసుల మామూళ్ళు సరేసరి.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, బోదులూరు అంబుల్ రెడ్డి ముందు నిలిచారు. అది గొలుగొండకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. అణచడానికి మద్రాసు పటాలాలు, హైదరాబాదు కంటింజెంటు దళం కూడా రావలసి వచ్చింది. పైనుంచి చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఒక కొండ వెనక ఇంకో కొండ, మధ్యలో వాగులు. దారి తెలిసినవాడిదే బలం. ఆ అడవిలో జ్వరాలు కూడా సిపాయిలను పడగొట్టాయి. 1880లో చంద్రయ్య, తర్వాత తమ్మన్నదొర చంపబడ్డారు. మన్సబుదారీ మాత్రం రద్దయింది. ముఠాదార్లు నేరుగా ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్నారు.

సర్కారు దీన్ని ‘పితూరి’ అని రాసుకుంది. ఇప్పుడు మన వాడుకలో పితూరి అంటే చాడీ! ఆ మాట అంత చిన్నదైపోవడం మాకు బాధగానే ఉంటుంది.

1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు చేసిన అల్లూరి సీతారామరాజు దళానికి విగ్రహాలున్నాయి, పాఠాలున్నాయి. ఉండాల్సిందే. కానీ గాము సోదరులు, వారి వెంట నడిచినవారు పోరాటాన్ని కొత్తగా నేర్చుకోలేదు. ఆ కొండల్లో 43 ఏళ్ళ క్రితమే ఒక తరం దాన్ని చేసి చూపించింది. తమ్మన్నదొర గురించి మన పిల్లల్ని అడిగి చూడండి, ఎందరు చెప్పగలరో. పెద్దలింకా ఉన్న ఊళ్ళలో, ఈ ఎండాకాలంలోనే, ఆ మాటలు రాసి పెట్టుకోవాలి.