కుడి సీటు ఖాళీ అయిన క్రమం

యుద్ధవిమానాల్లో జెట్‌ను ఒక్కరే నడపడం రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల నుంచీ ఉంది. వెనక సీట్లలో భార్యాపిల్లలనో వ్యాపార భాగస్వాములనో కూర్చోబెట్టుకుని, యజమానే ఒంటరిగా జెట్ నడపడం మాత్రం వేరే సంగతి. దానికి చట్టం ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

అమెరికాలోని విచిటాలో బిల్ లియర్ తయారుచేయించిన లియర్‌జెట్ 23 మొదటిసారి 1963 అక్టోబరులో ఎగిరింది. దాని గరిష్ఠ బరువు 12,499 పౌండ్లు. ఈ అంకె కావాలని పెట్టుకున్నదే. 12,500 పౌండ్లు, అంటే దాదాపు 5,670 కిలోలు దాటితే విమానం పెద్ద రవాణా విమానాల నిబంధనల్లోకి వెళ్లిపోతుంది. లియర్ ఒక్క పౌండు ఇవతలే ఆగాడు. అయినా ఆ విమానానికి ఇద్దరు పైలట్లు తప్పలేదు. అది యుద్ధవిమానపు వేగం గలది, చిన్న పొరపాటును కూడా సహించనిది.

అదే విచిటాలోని సెస్నా కంపెనీ వేరే దారి పట్టింది. 1969లో ఎగిరిన సైటేషన్‌కు తిన్నని రెక్కలు పెట్టింది. వేగం తక్కువని పోటీదారులు గేలి చేశారు. కానీ నెమ్మదిగా దిగగలగడం, చిన్న రన్‌వేల మీద ఆగగలగడం, రెండు ఇంజన్లూ దేహానికి దగ్గరగా ఉండటంతో ఒకటి ఆగినా అదుపు తప్పకపోవడం, ఇవన్నీ ఒంటరి పైలట్‌కు కావలసిన గుణాలే. 1971లో రవాణా విమానాల నిబంధనల కింద, ఇద్దరు పైలట్లతోనే దానికి అనుమతి వచ్చింది. 1977లో దాదాపు అదే విమానం చిన్న విమానాల నిబంధనల కింద సైటేషన్ 1/ఎస్‌పీగా వచ్చింది. ఈసారి ఒక్క పైలట్ చాలు. పనిచేసే ఆటోపైలట్ ఉండాలి, చేతులు తీయకుండా మాట్లాడటానికి హెడ్‌సెట్‌కు మైకు ఉండాలి. రెండో మనిషి స్థానంలో చట్టం అడిగిన వాటిలో ముఖ్యమైనవి ఇవే. ఆ తర్వాత వచ్చిన సైటేషన్ 2కు కూడా ఒంటరి పైలట్ రకం చేశారు. అందుకోసం దాని అనుమతి బరువును 12,500 పౌండ్లకు కుదించారు. రెండో పైలట్ అవసరాన్ని మనిషి మీద పడే పనిభారం ఎంత నిర్ణయించిందో, తూకం కాటా కూడా అంతే నిర్ణయించిందని నాకనిపిస్తుంది.

1979 ఆగస్టు 2న న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు క్యాచర్ థర్మన్ మన్సన్ ఒహాయోలోని ఏక్రన్-కాంటన్ విమానాశ్రయంలో తన సైటేషన్ 1/ఎస్‌పీతో దిగడం సాధన చేస్తూ, రన్‌వే చేరకముందే కూలి చనిపోయాడు. ఆటల మధ్య ఇంటికెళ్లి కుటుంబంతో గడపాలని కొనుక్కున్న విమానమది. చేతికొచ్చి కొద్ది వారాలే. తగినంత వేగం నిలుపుకోలేకపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది. ఈ ప్రమాదాన్ని ఒంటరి పైలట్ ఖాతాలో వేయడం సరికాదు. అతని వెంట మరో ఇద్దరున్నారు, అందులో ఒకరు శిక్షకుడు. వారిద్దరూ బతికారు. జెట్‌కు మారడంలో తొందరే అక్కడ అసలు ప్రశ్న.

1992లో అనుమతి పొందిన సైటేషన్‌జెట్, విలియమ్స్ కంపెనీ చిన్న ఇంజన్లతో ఒంటరి పైలట్ జెట్ల మార్కెట్‌ను నిలబెట్టింది. 2006లో ఎక్లిప్స్ 500, సైటేషన్ మస్టాంగ్ ఒకే నెలలో అనుమతి పొందాయి. ఆకాశమంతా చిన్న జెట్ ట్యాక్సీలతో నిండుతుందన్న ఆశ రెండేళ్లలోనే ఎక్లిప్స్ దివాలాతో చల్లారింది. మిగిలిన లాభం కాక్‌పిట్‌లోది. గడియారాల్లాంటి పాత మీటర్లు పోయి, మ్యాపు, వాతావరణం, ఇంజన్ల స్థితి అన్నీ పెద్ద తెరల మీదికి చేరాయి.

తెరలు చూపగలవు, అడగలేవు. 2014 డిసెంబరు 8న మేరీలాండ్‌లోని గేథర్స్‌బర్గ్ దగ్గర ఫీనమ్ 100 అనే చిన్న జెట్ ఒకటి ఇళ్ల మీద కూలింది. విమానంలో ముగ్గురు, ఒక ఇంట్లో తల్లి, ఇద్దరు చిన్న పిల్లలు చనిపోయారు. మంచు పేరుకునే వాతావరణంలో దిగుతూ పైలట్ రెక్కల మంచు తొలగించే వ్యవస్థను ఆన్ చేయలేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఒక్క స్విచ్చు. పక్కనున్న కుడి సీటులో చెక్‌లిస్టు చదివేవాడు ఉంటే ఆ మాట అడిగేవాడేమో అన్న ఆలోచన నన్ను వదలదు. రెండేళ్ల తర్వాత డిసెంబరు 29 రాత్రి, క్లీవ్‌లాండ్ నుంచి లేచిన సైటేషన్ సీజే4 ఈరీ సరస్సులో పడి ఆరుగురు చనిపోయారు. ఆటోపైలట్ పని చేస్తోందని పైలట్ నమ్మి ఉండొచ్చని, నిజానికి అది ఆన్‌లో లేదని దర్యాప్తు చెప్పింది. అతను అంతకుముందు మస్టాంగ్ నడిపేవాడు. బటన్ ఉన్న చోటు, తెర చూపే తీరు రెండింటిలో వేరు. దానికి అలసట కూడా తోడైంది.

2016లో అనుమతి పొందిన ఒంటి ఇంజన్ జెట్ సిర్రస్ విజన్‌కు, మొత్తం విమానాన్నే దింపే పారాచూట్ ఉంది. 2020లో గార్మిన్ ఆటోల్యాండ్ దానికి చేరింది. పైలట్ స్పృహ కోల్పోతే ప్రయాణికుడు ఒక బటన్ నొక్కితే చాలు. వాతావరణం, ఇంధనం, రన్‌వే పొడవు చూసి ఆ వ్యవస్థ తానే విమానాశ్రయాన్ని ఎంచుకుంటుంది, రేడియోలో కంట్రోలర్లకు చెబుతుంది, దిగి బ్రేకులు వేసి ఇంజన్ ఆపుతుంది. పైలట్ పడిపోయినప్పుడు ఇది నిజంగా ప్రాణదాత. పైలట్ మేలుకునే ఉండి పొరబడినప్పుడు మాత్రం ఆ బటన్‌ను నొక్కేదెవరు? గేథర్స్‌బర్గ్‌లో వేయని స్విచ్చు అలాంటిదే. అందుకే అమెరికా బీమా కంపెనీలు, జెట్ కొత్తగా కొన్న యజమానులను మొదట్లో అనుభవమున్న మెంటార్ పైలట్‌తో కొన్ని గంటలు ఎగరమని షరతు పెడుతుంటాయి. చట్టం ఖాళీగా వదిలేయనిచ్చిన కుడి సీటులోకి, బీమా పాలసీ ద్వారా ఒక మనిషి మళ్లీ వచ్చి కూర్చుంటున్నాడు.