క్రిప్టో మార్కెట్ చక్రాలు: బడా మదుపరులు, డెరివేటివ్స్ పాత్ర

బిట్‌కాయిన్ ధర కొన్నేళ్లకోసారి విపరీతంగా పెరిగి, తర్వాత నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోవడం 2013, 2017, 2021 గరిష్ఠాల తర్వాత కనిపించింది. మైనర్ల ప్రతిఫలం సగమయ్యే ‘హాల్వింగ్’ (2012, 2016, 2020, 2024) ఇందుకు మూలమన్నది ఎక్కువగా వినిపించే వివరణ. అయితే 2024లో హాల్వింగ్‌కు నెల ముందే, మార్చిలోనే, ధర పాత రికార్డును దాటింది. ఆ జనవరిలో అమెరికా అనుమతించిన స్పాట్ ఈటీఎఫ్‌లలోకి వచ్చిన సొమ్మే దానికి కారణమనడం సబబుగా తోస్తుంది.

భారీ నిల్వలున్నవారిని ‘తిమింగలాలు’ అంటారు. పెద్ద వాలెట్లన్నీ వ్యక్తులవి కావు. చాలావరకు ఖాతాదారుల తరఫున ఎక్స్ఛేంజీలు దాచేవే. ధరను కొద్దిమందే పెంచారన్న ఆరోపణల్లో బలమైనది 2013 చివరి నాటి మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజీ ఉదంతం. రెండు నెలల్లో ధర 150 డాలర్ల నుంచి వెయ్యి దాటడానికి అక్కడి అనుమానాస్పద ఖాతాల కొనుగోళ్లే కారణం కావచ్చని, లీకైన లావాదేవీల ఆధారంగా గాండల్ బృందం 2018లో ప్రచురించిన పరిశోధన పేర్కొంది. 2017 పెరుగుదల వెనుక డాలరుతో ముడిపెట్టిన టెథర్ నాణెంతో బిట్‌కాయిన్ కొన్న ఒక పెద్ద ఖాతా ఉందన్న పరిశోధకులు గ్రిఫిన్, షామ్స్ వాదనను టెథర్ సంస్థ ఖండించింది.

చక్రాల తీవ్రతకు డెరివేటివ్స్ ఇంకా దగ్గరి కారణం. గడువు తేదీ లేని ఫ్యూచర్స్ ఆలోచనను 1990ల ఆరంభంలో ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ ప్రతిపాదించగా, 2016లో బిట్‌మెక్స్ ఎక్స్ఛేంజీ దాన్ని ‘పెర్పెచువల్ స్వాప్’గా క్రిప్టోలో ప్రవేశపెట్టింది. ఎనిమిది గంటలకోసారి చెల్లించే ‘ఫండింగ్’ దీని ధరను స్పాట్ ధరకు దగ్గరగా ఉంచుతుంది. కొనుగోలుదార్ల తాకిడి ఎక్కువైతే లాంగ్‌లు (ధర పెరుగుతుందని పందెం కాసినవారు) షార్ట్‌లకు (తగ్గుతుందని కాసినవారికి) చెల్లిస్తారు. వెయ్యి డాలర్ల మార్జిన్‌తో 20 రెట్ల లీవరేజ్ తీసుకుంటే పొజిషన్ విలువ 20 వేలు. ధర 5 శాతం తగ్గితే మార్జిన్ మొత్తం హరించుకుపోతుంది కాబట్టి ఎక్స్ఛేంజీ అంతకు ముందే దాన్ని మూసేస్తుంది (లిక్విడేషన్). ఆ అమ్మకం ధరను ఇంకాస్త దించి, మరొకరి మార్జిన్‌ను తినేస్తుంది. పతనం గంటల్లో ముగియడానికి ఈ గొలుసే కారణం.

2017 గరిష్ఠం సుమారు 20 వేల డాలర్లు. అది షికాగోలోని సీఎమ్ఈ ఫ్యూచర్స్ ఆరంభంతో కలిసొచ్చింది. ఆ ఆరంభ తేదీని కొందరు డిసెంబర్ 17 అనీ, కొందరు 18 అనీ రాస్తారు. ఆదివారం సాయంత్రం మొదలైన సెషన్ లెక్కల్లో సోమవారానిది కావడమే ఈ తేడాకు మూలం. పతనంపై పందెం కాయడం తేలికైంది గనుకే ధర దిగిందని శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ రిజర్వ్ పరిశోధకులు 2018లో సూచించారు. బిట్‌మెక్స్‌లో షార్ట్ చేసే వీలు అప్పటికే ఉంది కాబట్టి, ఈ వాదన సంస్థాగత మదుపరులకే ఎక్కువ వర్తిస్తుంది.

లిక్విడేషన్ల గొలుసు తీవ్రత 2020 మార్చి 12న కనిపించింది: ధర దాదాపు 8 వేల నుంచి ఒక్కరోజులోనే 4 వేల దిగువకు వచ్చింది. మరుసటి రోజు తెల్లవారుజామున బిట్‌మెక్స్ కొద్దిసేపు నిలిచిపోయింది. సైబర్ దాడి అని సంస్థ చెప్పింది. లిక్విడేషన్ల వరదకు అడ్డుకట్ట పడింది ఆ విరామంతోనే అని విమర్శకుల మాట. ధర అప్పుడే నిలదొక్కుకున్న మాట నిజం.

2025 అక్టోబర్ 10న, చైనాపై ట్రంప్ సుంకాల ప్రకటన తర్వాత, 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు మూతపడ్డాయని ప్రచురితమైన లెక్క. కొన్ని ఎక్స్ఛేంజీలు సెకనుకు ఒక్క లిక్విడేషన్‌నే బయటపెడతాయి కాబట్టి అసలు మొత్తం ఇంతకన్నా ఎక్కువే కావచ్చు.