బెర్లిన్‌లో పతకం, పాసడీనాలో చీపురు
1936 ఒలింపిక్స్ 200 మీటర్ల పందెం: రెండో స్థానం దగ్గర నిలబడి చూస్తే

పరుగు పందేల చరిత్ర అనగానే మనకి చెప్పే కథ ఒకటుంది. 1936లో బెర్లిన్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఆర్యజాతే గొప్పదని లోకానికి చాటాలని హిట్లర్ అనుకున్నాడు. జెస్సీ ఓవెన్స్ అనే అమెరికన్ నల్లజాతి యువకుడు నాలుగు బంగారు పతకాలు గెలిచి ఆ పొగరుని మట్టి కరిపించాడు. హిట్లర్ అతనికి చెయ్యి కలపకుండా లేచి వెళ్ళిపోయాడు. క్విజ్ పోటీల్లో, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఈ కథ తిరుగుతూనే ఉంటుంది. చివర్లో ఒక నీతి కూడా తగిలిస్తారు: ప్రతిభ ఉన్నవాణ్ణి ఏ వివక్షా ఆపలేదు.

ఆ నీతి దగ్గరే మాకు పేచీ. తమ ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్ళకి ఈ నీతిని ఎవరో ఒకరు రోజూ వినిపిస్తూనే ఉంటారు. 'రిజర్వేషన్లెందుకు? మెరిట్ చూపించండి, కులం ఎవడడుగుతాడు' అంటారు. సరే, మెరిట్‌నే చూద్దాం అనుకున్నాం. ఇంటర్వ్యూ మార్కుల్లో, గైడు దయలో దాక్కున్న మెరిట్ కాదు. స్టాప్‌వాచ్ పట్టుకుని సెకనులో పదో వంతు దాకా కొలిచిన మెరిట్. ఎవరూ కాదనలేనిది. అందుకే ఆ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పందెం తీసుకున్నాం. గెలిచినవాడి కథ అందరూ చెప్తారు కాబట్టి, రెండో స్థానంలో వచ్చినవాడి దగ్గర మొదలుపెడుతున్నాం.

ఆ రోజు పందెం

1936 ఆగస్టు 5. ఫైనల్‌కి ఆరుగురు చేరారు. ఇద్దరు అమెరికన్ నల్లవాళ్ళు, ఇద్దరు డచ్ వాళ్ళు, ఒక స్విస్, ఒక కెనడా యువకుడు. ఇవాళ్టిలాగా పరుగు మొదలుపెట్టడానికి కాళ్ళకి ఆనించుకునే దిమ్మెలు ఆ ఒలింపిక్స్‌లో లేవు. ఎవరి గుంట వాళ్ళే చిన్న తాపీతో బొగ్గు బూడిద పరిచిన ట్రాకులో తవ్వుకుని, అందులో కాళ్ళు మోపి లేవాలి. వంపు తిరిగి నేరుగా గీత దాకా రావాలి.

ఓవెన్స్ 20.7 సెకన్లలో గీత దాటాడు. వంపు తిరిగే 200 మీటర్లని అంత వేగంగా అప్పటిదాకా ఎవరూ పరిగెత్తలేదు. అతని వెనక 21.1 సెకన్లలో మాథ్యూ రాబిన్సన్ వచ్చాడు. అందరూ అతన్ని మాక్ అని పిలిచేవాళ్ళు. మూడోవాడు హాలెండుకి చెందిన మార్టినస్ ఒసెండార్ప్, 21.3 సెకన్లు. నాలుగేళ్ళ కిందట లాస్ ఏంజెలిస్‌లో ఎడ్డీ టోలన్ బంగారు పతకం గెలిచిన టైము 21.2. అంటే మాక్ ఆ పాత ఒలింపిక్ రికార్డుని కూడా దాటి పరిగెత్తాడు. అయినా రెండోవాడే. తేడా 0.4 సెకను.

ఆ సంవత్సరం అమెరికా జట్టులో 18 మంది నల్లవాళ్ళు ఉన్నారు, 16 మంది మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళంతా కలిసి 14 పతకాలు తెచ్చారు. కానీ చరిత్రకి ఒక్కడే చాలు. ఒక్కణ్ణి నెత్తిన పెట్టుకుంటే మిగతా పదిహేడుగురి గురించి ఎవరూ అడగరు.

రెండో మనిషి

మాక్ రాబిన్సన్ 1914లో జార్జియా రాష్ట్రంలోని కైరో ఊళ్ళో పుట్టాడు. పంటలో వాటాకు తెల్లదొర పొలం దున్నే కుటుంబం. తండ్రి వదిలేసి పోయాక, 1920లో తల్లి మాలీ అయిదుగురు పిల్లల్ని తీసుకుని కాలిఫోర్నియాలోని పాసడీనా చేరింది. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసి పిల్లల్ని పెంచింది. మాక్ గుండెలో లోపముందని డాక్టర్లన్నారు. అయినా పరుగు మానలేదు. ఒలింపిక్స్ ఎంపిక పోటీలు దేశానికి అవతలి కొసన న్యూయార్కులో. రైలు ఛార్జీలకి డబ్బుల్లేవు. ఊళ్ళో వ్యాపారులు కొందరు చందాలేస్తే వెళ్ళాడు. జూనియర్ కాలేజీలో వాడి అరగదీసిన ముళ్ళ బూట్లతోనే బెర్లిన్‌లోనూ పరిగెత్తాడు.

వెండి పతకంతో తిరిగొచ్చాడు. తర్వాత ఒరెగాన్ యూనివర్సిటీలో చేరి 1938లో అమెరికా కాలేజీల పోటీల్లో 220 గజాల పరుగు గెలిచాడు. ఇంటికి ఆసరా కావాల్సి వచ్చింది. డిగ్రీ పూర్తి కాకుండానే పాసడీనా వెనక్కి వచ్చాడు. పని అడిగాడు. ప్రపంచంలో రెండో వేగవంతుడైన ఆ మనిషి చేతికి నగరపాలక సంస్థ ఒక చీపురు ఇచ్చింది. రాత్రిపూట వీధులు ఊడ్చే పని.

చలి రాత్రుల్లో మాక్ తన ఒలింపిక్ జాకెట్ వేసుకుని ఊడ్చేవాడు. వీపు మీద దేశం పేరు, చేతిలో చీపురు. ఇది చూసి కొందరు తెల్లవాళ్ళకి కోపం వచ్చింది. కావాలని రెచ్చగొడుతున్నాడన్నారు! ఊడిస్తే తప్పులేదు, జాకెట్ వేసుకుని ఊడిస్తే తప్పు. మన ఊళ్ళల్లో చెప్పులేసుకుని నడిస్తే, పంచె తెల్లగా కడితే, పెళ్ళికొడుకు గుర్రమెక్కితే వచ్చే కోపం ఇదే. వాళ్ళని మండించింది అతని పేదరికం కాదు, ఆ పేదరికం పక్కనే కనపడుతున్న అతని గౌరవం.

ఏకలవ్యుడి బొటనవేలు కోశారు. మాక్ వేలు ఎవరూ కోయలేదు. ఆ వేలితో పట్టుకోడానికి చీపురు ఇచ్చారంతే. ఆధునిక రాజ్యానికి కత్తి అక్కర్లేదు, ఉద్యోగాల పట్టిక చాలు.

ఈతకొలను, చెరువు

పాసడీనాలో ప్రజల డబ్బుతో కట్టిన ఈతకొలను ఒకటుండేది. నల్లవాళ్ళకీ, మెక్సికన్లకీ, ఆసియావాళ్ళకీ అందులో దిగడానికి వారానికి ఒక్కరోజే అనుమతి, మంగళవారం. ఆ రోజు గడిచాక కొలనులో నీళ్ళన్నీ తోడేసి, మళ్ళీ కొత్తనీళ్ళు నింపేవాళ్ళు. అప్పుడే తెల్లపిల్లలు దిగేవాళ్ళు.

ఇది చదవగానే మాకు మహద్ గుర్తొచ్చింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాదిమందితో కలిసి చవదార్ చెరువు దగ్గరికి నడిచి దోసెడు నీళ్ళు తాగాడు. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, అంటరానివాడు తాగకూడదు. తర్వాత సవర్ణులు 108 కుండల పేడ, మూత్రం, పాలు, పెరుగు పోసి చెరువుని 'శుద్ధి' చేశారు. అక్కడ నీళ్ళు తోడేశారు, ఇక్కడ పేడ కలిపారు. మనిషి తాకితే నీళ్ళు చెడిపోతాయన్న మాట ఒక్కటే. బెర్లిన్ పందెం జరిగిన ఆ 1936లోనే, మే నెలలో, లాహోర్ సభవాళ్ళు వద్దన్న ఉపన్యాసాన్ని అంబేద్కర్ తన సొంత డబ్బుతో 'కుల నిర్మూలన'గా అచ్చువేశాడు. పుట్టుకని బట్టి పని కట్టబెట్టే వ్యవస్థని అందులో నిలువునా చీల్చాడు. మహద్ నీళ్ళ కేసులో బాంబే హైకోర్టు తీర్పు 1937 మార్చిలో మనవాళ్ళకి అనుకూలంగా వచ్చింది.

పాసడీనా కొలను కేసు కూడా కోర్టుకెక్కింది. 1940లలో, కొలను అందరికీ తెరవాలని తీర్పు వచ్చింది. దానికి ప్రతీకారంగా నగరం నల్ల ఉద్యోగుల్ని పనిలోంచి తీసేసిందని, వాళ్ళలో మాక్ కూడా ఉన్నాడని రాబిన్సన్ కుటుంబ చరిత్ర రాసినవాళ్ళు నమోదు చేశారు. చివరికి ఆ చీపురు కూడా లాక్కున్నారు. నీళ్ళ హక్కు అడిగితే కూలి ఆపడం మన పల్లెలకి కొత్తా? సాంఘిక బహిష్కారం అని మనం పిలిచేది దీన్నే.

మొదటి మనిషి

మరి గెలిచిన ఓవెన్స్ సంగతి? అలబామాలో ఇలాగే వాటాకు పత్తి పండించే కుటుంబంలో పుట్టినవాడు, బానిసల మనవడు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చదివేటప్పుడు హాస్టల్లో చోటివ్వలేదు, తోటి నల్ల ఆటగాళ్ళతో బయట గదిలో ఉన్నాడు. స్కాలర్‌షిప్ లేదు, పనులు చేసుకుంటూ చదివాడు.

హిట్లర్ చెయ్యి కలపలేదన్న కథని కూడా కాస్త సరిచేసుకోవాలి. మొదటి రోజు హిట్లర్ కొందరు విజేతల్ని అభినందించి, నల్లజాతికి చెందిన కార్నీలియస్ జాన్సన్ హైజంప్ గెలిచాక అతని పతక ప్రదానానికి ముందే వెళ్ళిపోయాడు. 'అందర్నీ అభినందించు, లేదా ఎవర్నీ వద్దు' అని ఒలింపిక్ కమిటీ చెప్పాక బహిరంగంగా ఎవర్నీ అభినందించలేదు. ఓవెన్స్ గెలిచింది ఆ తర్వాతే. తనని పట్టించుకోనిది సొంత దేశాధ్యక్షుడు రూజ్‌వెల్టే, ఒక తంతి కూడా పంపలేదని ఓవెన్స్ చెప్పుకున్నాడు. హిట్లర్ చెయ్యి గురించి ఎనభై ఏళ్ళు మాట్లాడినవాళ్ళు రూజ్‌వెల్ట్ చెయ్యి గురించి ఎందుకు మాట్లాడరు? నాజీ దుర్మార్గుడు పక్కింట్లో ఉంటే మన ఇల్లు శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి.

న్యూయార్కులో ఓవెన్స్‌ని ఊరేగించారు. ఆ ఊరేగింపు తర్వాత వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో అతని గౌరవార్థం విందు. అక్కడికి సామాన్ల లిఫ్టులో ఎక్కి పొమ్మన్నారు. యూరప్‌లో డబ్బు వసూలు పోటీలకి ఇక రానన్నందుకు అమెరికా క్రీడా సంఘం అతన్ని సస్పెండ్ చేసింది. అదే ఏడాది డిసెంబర్లో హవానాలో జనం చూస్తుండగా గుర్రంతో పందెం పరిగెత్తాడు, కూలికి. తర్వాత బట్టలుతికే వ్యాపారం పెట్టి 1939లో దివాలా తీశాడు. మనిషితో మనిషి పరిగెత్తితే బంగారం ఇచ్చారు. తిండి కోసం పశువుతో పరిగెత్తించారు.

మూడో మనిషి

మూడో స్థానంలో వచ్చిన ఒసెండార్ప్‌ని అప్పటి పత్రికలు 'అత్యంత వేగవంతుడైన తెల్లవాడు' అని పొగిడాయి. చూడండి, పందెంలో మూడోవాడు. రంగు అనే ఇంకో పందెం కలిపితే ఒకటోవాడు. గెలవనివాణ్ణి గెలిపించడానికి కొలత మార్చేస్తారు. అతను 1941లో హాలెండు నాజీ పార్టీలో చేరాడు, తర్వాత డచ్ ఎస్.ఎస్.లో. జర్మన్ల భద్రతా పోలీసుల్లో పనిచేస్తూ యూదుల్ని పట్టిచ్చే పనిలో పాలుపంచుకున్నాడు. 1948లో కోర్టు 12 ఏళ్ళ శిక్ష వేసింది. కొన్నేళ్ళకే విడుదలయ్యాడు. నేరానికి శిక్ష పడ్డవాడికి గడువు ఉంది. నేరం లేని మాక్‌కి పడ్డ శిక్షకి గడువు లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ పోటీలకి రెండు వారాల పైచిలుకు ముందు, జూలై 16న, బెర్లిన్ వీధుల్లోంచి వందలాది రోమా, సింతీ జనాన్ని పోలీసులు పట్టుకుని మార్జాన్ అనే శివారు చోటుకి తోలేశారు. పక్కన శ్మశానం, మురుగునీటి పొలాలు. నగరం అతిథులకి 'శుభ్రంగా' కనపడాలి గదా. వెలివాడ ఎక్కడ కడతారో ఏ దేశపు పాలకులకీ నేర్పనక్కర్లేదు.

32 ఏళ్ళ తర్వాత

1968 అక్టోబర్ 16న మెక్సికోలో అదే 200 మీటర్ల పందెం. టామీ స్మిత్ 19.83 సెకన్లలో గెలిచాడు. మూడోవాడు జాన్ కార్లోస్. ఇద్దరూ బూట్లు విప్పి, నల్ల మేజోళ్ళతో పతక వేదికెక్కి, నల్ల తొడుగు వేసిన పిడికిలి పైకెత్తారు. రెండో స్థానంలో వచ్చిన తెల్ల ఆస్ట్రేలియన్ పీటర్ నార్మన్ వాళ్ళకి మద్దతుగా మానవ హక్కుల బ్యాడ్జి పెట్టుకున్నాడు. ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఎవరు? ఎవరీ బ్రండేజ్. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌ని బహిష్కరించొద్దని అమెరికాలో పట్టుబట్టి గెలిచినవాడే. ఆటల్లో రాజకీయం వద్దంటూ స్మిత్, కార్లోస్‌లను పంపించెయ్యమన్నాడు. బెర్లిన్‌లో స్వస్తికలు అతనికి రాజకీయంగా కనపడలేదు.

ఆటగాళ్ళకి నచ్చచెప్పడానికి ఓవెన్స్‌ని పంపారు. వాళ్ళు వినలేదు. 1970లో వాళ్ళని విమర్శిస్తూ పుస్తకం రాసిన ఓవెన్స్, 1972లో తన మాట మార్చుకుంటూ ఇంకో పుస్తకం రాశాడు. అతన్ని ద్రోహి అనడం తేలిక. మేము అనం. ఒంటరిగా పైకి లాగబడినవాడు, లాగినవాళ్ళ నీతినే కొంతకాలం మోస్తాడు. మన మధ్య కూడా అలాంటి అన్నలున్నారు. వాళ్ళు కూడా మారొచ్చు.

మెరిట్ అంటే

మాక్ తమ్ముడు జాకీ 1947లో బ్రూక్లిన్ జట్టులో చేరి, పెద్ద లీగు బేస్‌బాల్‌లో రంగు గోడని బద్దలుకొట్టాడు. అన్న మాత్రం పాసడీనాలోనే ఉండి, పిల్లల కోసం, వీధి కుర్రాళ్ళ కోసం పనిచేశాడు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జెండా మోసినవాళ్ళలో ఒకడయ్యాడు. 2000లో చనిపోయాడు. ఆ 18 మంది కుటుంబాల్ని అధ్యక్ష భవనానికి పిలిచింది 2016లో, ఒక నల్లజాతి అధ్యక్షుడు వచ్చాక. పందెం అయ్యాక ఎనభై ఏళ్ళకి.

మేము చెప్పదలచుకున్నది ఇదే. మాక్‌కి లేనిది ప్రతిభ కాదు. ప్రతిభ ఉందని లక్షమంది ముందు రుజువయింది, గడియారం సాక్ష్యం చెప్పింది, మెడలో పతకం పడింది. అయినా చీపురే దక్కింది. ఎందుకంటే ఉద్యోగం ఇచ్చేది గడియారం కాదు, కౌన్సిల్లో కూర్చున్న మనుషులు. రుజువు చాలకపోవడం వల్ల వివక్ష పుట్టలేదు కాబట్టి, ఇంకో రుజువు చూపిస్తే అది పోదు. కొలనుని తెరిపించింది ఎవరి పరుగూ కాదు, కోర్టు దాకా సాగిన సంఘటిత పోరాటం. రిజర్వేషన్ మెరిట్‌కి శత్రువనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి: మెరిట్ నిరూపించుకున్నవాడికి మీరేమిచ్చారు?

పాసడీనా నగర కార్యాలయం ఎదురుగా 1997లో ఆ అన్నదమ్ముల కంచు తలలు పెద్దవి నిలబెట్టారు. జాకీ ముఖం తూర్పుకి, బ్రూక్లిన్ వైపు ఉంటుంది. మాక్ ముఖం నేరుగా ఆ కార్యాలయం వైపు ఉంటుంది, తనకి చీపురిచ్చిన ఆ గుమ్మం వైపు.

మన వాడల్లో కూడా జిల్లాస్థాయిలో పరిగెత్తి, కబడ్డీ ఆడి, సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెలో దాచుకుని మునిసిపాలిటీలో కాంట్రాక్టు మీద ఊడుస్తున్నవాళ్ళు ఉంటారు. చదువుకునే పిల్లలు, పాఠం చెప్పే మాస్టర్లు, సంఘాల మిత్రులు వాళ్ళ దగ్గర కూర్చుని ఆ పేర్లు, ఆ టైములు, ఆ ఏళ్ళు రాసుకురండి. ఒకటో స్థానం చరిత్ర వాళ్ళు రాసుకున్నారు. రెండో స్థానం చరిత్ర మనం రాయాల్సిందే.