సీసపు తూనికరాళ్ళు: వైకింగుల వెండి లావాదేవీలలో పూచీ

రాజముద్ర గల నాణెం చేతులు మారేటప్పుడు దాని విలువకు ఆ ముద్రే పూచీ. అటువంటి పూచీ లేనిచోట వెండి విలువను ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాన్ని ఎదుటివాడు ఎందుకు అంగీకరిస్తాడు అన్నది క్రీ.శ. 9, 10 శతాబ్దాల ఉత్తర యూరపు వర్తక చరిత్రలో మౌలికమైన ప్రశ్న. దీనికి సమాధానం లిఖిత ఆధారాలలో కంటె తవ్వకాలలోనూ, దున్నిన పొలాలలోనూ దొరికిన తూనికరాళ్ళలోనే ఎక్కువగా లభిస్తున్నది. రాళ్ళు అనడం మన వాడుక. ఇవి చేతిలో ఇమిడే సీసపు ముద్దలు.

స్కాండినేవియా నుండి బయలుదేరిన వైకింగులు వెండిని ప్రధానంగా లోహంగానే చెలామణి చేశారు. అరబ్బు దిర్హములను, కంకణాలను, కడ్డీలను అవసరమైనంత మేరకు నరికి తూచి ఇచ్చేవారు. 1840లో ఇంగ్లండులోని లాంకషైరులో, రిబుల్ నది ఒడ్డున కుయర్‌డేల్ వద్ద బయటపడిన నిధి బరువు సుమారు 40 కిలోలు. వేలాది నాణేలతో పాటు నరికిన కడ్డీలు, ఆభరణాల తునకలు అందులో ఉన్నాయి. ఈ కాలపు వెండిపై తరచుగా చిన్న గాట్లు కనిపిస్తాయి. లోహం మెత్తదనాన్ని కత్తిమొనతో పరీక్షించినప్పుడు పడినవి ఇవి. త్రాసు బరువును మాత్రమే చెబుతుంది, నాణ్యతను చెప్పదు కదా.

మూడు ఎర్టోగులు ఒక ఓరె, ఎనిమిది ఓరెలు ఒక మార్కు. ఇది స్కాండినేవియా తూనికల క్రమం. ‘ఓరె’ అన్న మాటకు మూలం రోమను బంగారు నాణెం పేరైన ‘ఆరియస్’ అని భావిస్తారు. నాణెం పేరు తూనిక పేరుగా మిగిలింది. మన శాసనాలలోని గద్యాణం నాణెమూ తూనికా కూడా కావడం ఇక్కడ గుర్తుకు రాక మానదు. డబ్లిన్‌లో దొరికిన సీసపు తూనికలను పరిశీలించిన పాట్రిక్ వాలెస్ వాటి ప్రమాణం 26.6 గ్రాములని ప్రతిపాదించారు. అయితే నేలలో వెయ్యేళ్ళకు పైగా ఉన్న సీసం ఉన్న బరువుతో ఉండదు. పైన తెల్లని పొర కట్టి కొంత పెరగవచ్చు, పొర రాలి కొంత తగ్గవచ్చు. అందువల్ల ఒక్కొక్క రాయి బరువును దశాంశాల దాకా నమ్మి ప్రమాణాన్ని నిర్ణయించడం కంటె, ఆ రాళ్ళ రూపాన్ని పరిశీలించడమే ఫలవంతమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. ఇంటి పొయ్యి మీదనే పోత పోయవచ్చు, కత్తితో చెక్కి బరువు సవరించవచ్చు. దాని సౌలభ్యమూ అదే, ప్రమాదమూ అదే. 9వ శతాబ్ది చివరి భాగం నుండి బాల్టిక్ ప్రాంతంలో ఇస్లామిక ప్రపంచపు ప్రభావంతో వ్యాపించిన తూనికలు ఇందుకు భిన్నమైనవి. ఇనుప గుండుకు కంచు తొడుగు వేసి, పైనా కిందా చదునుగా చేసినవి ఇవి. వీటిని ఆకురాయితో అరగదీస్తే లోపలి ఇనుము బయటపడి మోసం తెలిసిపోతుంది.

సీసపు రాయికి అటువంటి రక్షణ లేదు. అయినా అది వాడుక నుండి తొలగిపోలేదు. బ్రిటన్, ఐర్లండులలో దొరికిన రాళ్ళు కొన్నిటి నెత్తిన నాణెమో, ఎనామెలు ముక్కో, బంగారు పూత గల నగిషీ రేకో పొదిగి ఉంటుంది. స్కాట్లండులోని కొలన్సే ద్వీపంలో, కిలోరన్ బే వద్ద 1882లో బయటపడిన సమాధిలో త్రాసుతో పాటు ఇటువంటి రాళ్ళున్నాయి. ఒక్కొక్క దాని ముఖం ఒక్కొక్క తీరు. ఈ అలంకరణ కేవలం సొగసు కోసం కాదు. యజమాని తన రాయిని గుర్తుపట్టడానికి, ఎదుటివాడు దానిని మరొక దానితో మార్చకుండా ఉండడానికి పనికివచ్చిన ఆనవాలు అది. ఎదుటివాడికి కూడా తన త్రాసు, తన రాళ్ళు ఉన్నప్పుడు రెండు తూకాలూ కలిస్తేనే బేరం కుదురుతుంది. పూచీ రాజు నుండి ఇద్దరు వ్యక్తుల మధ్యకు దిగివచ్చింది.

ఆ నగిషీ రేకులలో పలువాటి పనితనం ఐర్లండు క్రైస్తవ మఠాల వస్తువులది. దోచుకున్న వస్తువును ముక్కలు చేసి న్యాయమైన తూకానికి గుర్తుగా పొదిగారన్న మాట. ఆ త్రాసులో తూగిన వెండి దేనికి వెలగా చేతులు మారిందో రాళ్ళు చెప్పవు. వైకింగు సైన్యం 872-73 శీతకాలాన్ని లింకన్‌షైరులోని టోర్క్సీలో గడిపింది. అక్కడి పొలాలలో తూనికలు, నరికిన దిర్హములు, వెండి ముక్కలు ఒకేచోట దొరికాయి. అంతకు కొద్దికాలం ముందే, 871లో, ఓలాఫ్, ఈవార్ అనే నాయకులు 200 ఓడలతో డబ్లిన్‌కు తిరిగివస్తూ ఆంగ్ల, బ్రిటను, పిక్టు జాతుల వారిని పెద్దసంఖ్యలో బందీలుగా తెచ్చారని అల్‌స్టర్ వార్షిక వృత్తాంతాలు నమోదు చేశాయి.